సందె వేళ ఇఫ్ వాక్యాలు

ఆ రోజుల్లో ఇంగ్లీషు మాకు చదువు కాదు, నెత్తిన పడ్డ ఆపద. మెట్రిక్ దాకా ఉర్దూలో చదివి, ఇంగ్లీషు నాలుగు ముక్కలతో సరిపెట్టుకుని, ఇక నౌకరీ చేతిలో ఉన్నట్టేనని మీసం దువ్వుకుంటున్న వేళ నిజాం సర్కారు పోయింది. (మీసమంటే పెద్దగా ఏమీ లేదు లెండి, ఉన్నదే దువ్వుకునేవాణ్ణి.) కొత్త అధికార్లొచ్చి, సూర్యాపేట బడిలో పంతులు ఉద్యోగం కావాలంటే ఇంగ్లీషులో ఇంటర్వ్యూ అన్నారు. ఇంట్లో అమ్మా నాన్నా నా జీతం మీదే ఆశ పెట్టుకున్నారు. మా వేములపల్లిలో నేర్పేవాళ్లు లేక, మిర్యాలగూడలో మేనత్త ఇంట్లో చేరి, అక్కడ ప్రైవేట్లు చెప్పుకునే కోదాడ పంతులుగారి దగ్గర కుదిరాను.

ఆయన లెక్కలో ఇంగ్లీషంతా 'ఇఫ్' అన్న మాటలోనే ఉంది. "ఒరే అబ్బాయ్, ఇఫ్ వాక్యాలు నాలుగు రకాలు. ఎప్పుడూ జరిగేది, ఇకముందు జరగబోయేది, ఉత్త ఊహ, జరక్కుండానే దాటిపోయింది. ఇవి వచ్చాయంటే నీకు తిరుగులేదు" అనేవారు. ఆయనిచ్చే ఉదాహరణలు మాత్రం అన్నీ చావులూ, విరిగిన కాళ్లూ. పైగా ప్రతి వాక్యాన్నీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వీధి వినేలా చదవాలి.

మొదటి సాయంత్రమే అరుగు మీద కూచుని "బస్సు బోల్తా పడితే అందరూ చస్తారు" అని గొంతెత్తాను. మామ ఆ పూట కోదాడ నుంచి బస్సులోనే రావాలి. అత్త చేట పడేసి పరుగున వచ్చింది.

"సందె యాల గవేం మాటలు అల్లుడా! తథాస్తు దేవతలు తిరుగుతుంటరు. ఏదంటె గదే అయితది!"

"ఇది వ్యాకరణం అత్తా."

"వ్యాకరణమని వాళ్లకేమెరుక?"

మామ క్షేమంగానే వచ్చాడు గానీ, ఆ రోజు నుంచి చెడ్డ ఇఫ్ ఆ ఇంటి గడప తొక్కలేదు. వాక్యాలు అత్తే అందించేది. వానలు పడితే వరి పండుతుంది. అల్లుడికి నౌకరీ వస్తే అత్తకు పట్టుచీర తెస్తాడు. ఈ చీర వాక్యం వచ్చినప్పుడల్లా "జర గట్టిగ అను, పైకి ఇనవడాలె" అనేది.

ఇంటర్వ్యూలో నా వంతు వచ్చేసరికి పొద్దు వాలింది. బెజవాడ వైపు నుంచి వచ్చిన అధికారి, "ఈ ఉద్యోగం రాకపోతే ఏం చేస్తావో ఇంగ్లీషులో చెప్పవయ్యా" అన్నాడు. జవాబు నాకు తెలుసు. కానీ కిటికీ అవతల ఆకాశం ఎర్రగా ఉంది. నౌకరీ రాకపోతే అని, నా నోటితో నేనే, ఆ వేళప్పుడు!

"ఇంగ్లీషు రాదా?"

"వస్తది సార్. పొద్దున చెప్త."

గదిలో వాళ్లు పగలబడి నవ్వారు. అమ్మా నాన్నా గుర్తొచ్చారు, అయినా ఆ మాట నోట రానివ్వలేదు. అధికారి ఒకసారి కిటికీ వైపు, ఒకసారి నా వైపు చూశాడు. "సందె వేళనా? మా అమ్మ కూడా ఇంతేనయ్యా. సరే, ఉద్యోగం వస్తే ఏం చేస్తావు?" అన్నాడు. చీర వాక్యాన్ని అలవాటు కొద్దీ పైకి వినబడేలా అరిచాను. ఆ తరవాత ఆయన ఏ రకం అడిగినా తడబడలేదు.

నౌకరీ వచ్చింది. మొదటి జీతంతో చీర కొనుక్కుని మిర్యాలగూడ వెళ్లి, జరిగిందంతా చెప్పాను. అత్త కడుపుబ్బ నవ్వి, "ఆఖరి రకం నాకెన్నడు చెప్పకపోతివి" అంది. జరక్కుండానే దాటిపోయిన వాటి గురించి చెప్పే వాక్యాలవి అన్నాను.

"అయితే సందె యాల అన్నా ఏం గాదా?"

"ఏం కాదత్తా. ఇక దేవతలు కూడా ఏం చేయలేరు."

ఆమె కాసేపు ఒళ్లో ఉన్న చీర అంచు నిమిరింది. "మా పిల్ల బతికుంటే నీకే ఇచ్చి చేస్తుంటి" అంది. అమ్మవారు పోసి చిన్నప్పుడే పోయిన ఆ మరదలి మాట అత్త నోట వినడం నాకదే మొదలు.

"ఇంగ్లీషుల జెప్పు."

చెప్పాను. ఒక్క తప్పు పోలేదు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా అత్త మళ్లీ చెప్పించుకుని కళ్లు మూసుకుని విన్నది. నేనేమో పెళ్లి మాటకు సిగ్గుపడి, మంచినీళ్ల వంక పెట్టి లోపలికి జారుకున్నాను. ఆ కుర్రాణ్ణి తలచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఈ వయసు అప్పుడే వచ్చి ఉంటే, ఆ సాయంత్రం ఆమె పక్కన ఇంకాస్సేపు కూచునేవాణ్ణి.