ముసఫ్ఫా నర్సింలు ఆయిల్స్

అబుదాబిలో ఎక్కడ గునపం దింపినా చమురు పడుతుందని మనవాళ్లు నమ్మే రోజుల్లో, చుక్క చమురు లేకుండా చమురు వ్యాపారం మొదలుపెట్టి, ఒక మంచి మనిషి వీసాని రద్దయ్యే అంచు దాకా తీసుకెళ్లిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. ఇది చదివాక మీ ఇంట్లో పెళ్లి శుభలేఖ రాయడానికి మాత్రం నన్ను పిలవకండి. పిలవరు లెండి.

ఎనభైల మొదట్లో మాట. మాది కాకినాడ. అబుదాబిలో ఒక కాంట్రాక్టు కంపెనీలో టైపిస్టుగా ఉండేవాణ్ణి. వయసు చిన్నది, జీతం అంతకన్నా చిన్నది, ఇంగ్లీషు మాత్రం చాలా పెద్దదని నా నమ్మకం. మా మేనేజరు, అంటే ముదీర్, చెప్పిన ఉత్తరాన్ని చెప్పినట్టు కొట్టడం నాకు నామోషీ. 'సిమెంటు అందింది' అని ఆయనంటే, 'తమరు పంపిన సిమెంటు మా హృదయాలను చేరింది' అనే ధోరణిలో నేను కొట్టేవాణ్ణి. తర్వాత ఆయన దాన్ని కొట్టేసేవాడు.

మా కంపెనీ లారీలకు రంగులు ఊరి బయట ముసఫ్ఫాలోని ఒక గ్యారేజీలో వేయించేవారు. పని ఎంతవరకు వచ్చిందో చూసి రమ్మని ఒకరోజు నన్ను పంపారు. అక్కడ రంగులు కొట్టే మనిషే నర్సింలు గారు. జగిత్యాల దగ్గర పల్లె. నలభై దాటిన వయసు. టీ ఇస్తానని గ్యారేజీ వెనక తన గదికి తీసుకెళ్లారు. మంచం పక్కన హార్డ్‌బోర్డు అట్టలు గోడ వైపు తిప్పి నిలబెట్టి ఉన్నాయి. ఊరుకోలేని చెయ్యి కదా నాది, ఒకటి ఇటు తిప్పాను.

వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్న ఆడవాళ్లు. ఒళ్లో చాటలు, చాటల్లో తంబాకు, వాళ్ల వేళ్ల మీద సాయంత్రపు ఎండ. ఇంకొకటి తిప్పితే కంపెనీ బస్సులో నోళ్లు తెరుచుకుని నిద్రపోతున్న కూలీలు. వాళ్ల గురక నాకు వినపడింది, నిజంగా.

"ఇవి ఎవరు వేశారండీ?"

"నేనే తమ్మీ. పొద్దు పోక."

"ఎవరికైనా చూపించారా?"

"ఎవలకు సూపియ్యాలె? గోడకే సూపిస్తున్న."

టీ తాగానో లేదో గుర్తులేదు గాని, ఆ సాయంత్రమే మా తెలుగు సంఘం సెక్రటరీ మూర్తిగారి ఇంట్లో ఉన్నాను. ఆయన మరునాడే వచ్చి బొమ్మలు చూశారు. వచ్చే గురువారం సాయంత్రం, అక్కడి సెలవురోజైన శుక్రవారం పగలంతా సంఘం హాలు ఇస్తామన్నారు. "ఇంగ్లీషు పత్రికకి ఒక ప్రకటన పంపాలి. ఎవరు రా..." అంటుండగానే నా చెయ్యి గాల్లో ఉంది.

అసలు తప్పంతా పళ్ల డాక్టరుది. అంతకు నెల ముందు పన్ను పీకించుకోవడానికి వెళ్లి, అక్కడ ఉన్న విదేశీ పత్రిక ఒకటి తిరగేశాను. అందులో తెలిసిందేమిటంటే, కళ తెలిసినవాళ్లు 'ఆయిల్ పెయింటింగ్స్' అనరట. ఒట్టి 'ఆయిల్స్' అంటారట. ఆ ముక్క చదవగానే సగం నొప్పి తగ్గిపోయింది. ఇంత గొప్ప సంగతి తెలిసినవాడు అబుదాబి మొత్తంలో నేనొక్కణ్ణే అనిపించింది.

కాబట్టి నా ప్రకటనలో పెయింటింగ్ అన్న మాట, పిక్చర్ అన్న మాట, బొమ్మకి సంబంధించిన ఏ మాటా మచ్చుకైనా లేకుండా జాగ్రత్త పడ్డాను. నా ఇంగ్లీషుని తెలుగులో పెడితే ఇలా ఉంటుంది: 'ముసఫ్ఫా నివాసి శ్రీ నర్సింలు ఎన్నో ఏళ్లు శ్రమించి స్వయంగా తయారుచేసిన అపురూపమైన ఆయిల్స్. ఆంధ్ర నేల లోతుల్లోంచి ఉబికినవి. చిక్కనివి, స్వచ్ఛమైనవి. చిన్న, పెద్ద సైజుల్లో లభ్యం. నాణ్యతను స్వయంగా వచ్చి పరీక్షించుకోవచ్చు.' కింద వివరాల కోసమని మా ఆఫీసు ఫోన్ నంబరు కూడా ఇచ్చాను. నా పేరు ఇవ్వడం మర్చిపోలేదు.

నర్సింలు గారికి చదివి, అర్థం చెప్పాను. ఆయన తల గోక్కున్నారు.

"మంచిగున్నది. గని పటాలు అన్న మాట యాడున్నది తమ్మీ?"

"కళా ప్రపంచంలో అలా విప్పి చెప్పరండీ."

"చెప్పకుంటె ఎట్ల తెలుస్తది?"

"తెలియాల్సినవాళ్లకి తెలుస్తుంది."

"సరే. సదువుకున్నోనివి. నీకు ఎర్కనే గద" అని ఊరుకున్నారు. గ్యారేజీ యజమానికి, తన వీసా ఎవరి పేరు మీద ఉందో ఆ కఫీల్‌కి, ఈ సంగతి ముందే చెప్పారట. ఆయన ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ తలూపాడట.

గురువారం పొద్దున పత్రిక వచ్చింది. కళల పేజీలో వెతికాను, లేదు. సినిమా పేజీలో లేదు. చివరికి వ్యాపారం పేజీలో, ఓడల రాకపోకలకీ సిమెంటు ధరలకీ మధ్య దొరికింది. శీర్షిక: 'ఆంధ్ర నేల లోతుల్లోంచి ఆయిల్ - ముసఫ్ఫాలో తయారీ, నేడు ప్రదర్శన.'

ఇక్కడైనా నాకు అనుమానం రావాలి కదా. రాలేదు. అందరికన్నా డబ్బున్నవాళ్లు చదివే పేజీలో వేశారు, ఎంత గౌరవం అనుకున్నాను.

పది గంటలకి ముదీర్ తన గదిలోంచి పిలిచాడు. చేతిలో ఫోన్ ఉంది, మాటలు వినపడకుండా దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"రోజుకి ఎన్ని పీపాలు ఇవ్వగలమని అడుగుతున్నారు. మనం ఎప్పటినుంచి ఆయిల్ తీస్తున్నాం?"

"పీపాలు కాదు సార్, ఫ్రేములు" అన్నాను.

ఆయన నా వంక అలా చూస్తూ ఫోన్ పెట్టేశాడు. అది మళ్లీ మోగింది. మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది. నా తలకాయలోకి విషయం అప్పుడప్పుడే, చలికాలంలో కొబ్బరినూనె కరిగినట్టు నెమ్మదిగా దిగింది.

సాయంత్రం హాలు దగ్గరికి వెళ్లేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, నర్సింలు గారు బొమ్మల మధ్య పెళ్లికొడుకులా నిలబడి ఉన్నారు. ఎదురుగా ఒక సింధీ వ్యాపారి ఖాళీ సీసాతో ఉన్నాడు. "శాంపిల్ దో భాయ్" అంటున్నాడు. పక్కన హోటల్ నడిపే మలయాళీ ఆయన, ఈ నూనెలో వడలు వేస్తే ఎంత పీలుస్తాయో తెలుసుకోవాలని వచ్చాడు. సూటు వేసుకున్న దొర ఒకాయన బీడీల బొమ్మ ముందు నిలబడి, బావి ఎక్కడుందా అన్నట్టు వెతుకుతున్నాడు. మూర్తిగారు అందరికీ నిమ్మరసం ఇస్తూ, మధ్యమధ్య నా వంక చూస్తున్నారు. ఆ చూపులో నిమ్మరసం కన్నా పులుపు ఎక్కువ ఉంది.

అప్పుడు కఫీల్ వచ్చాడు. భారీ మనిషి. చేతిలో పత్రిక.

"తేల్ కిధర్ హై?" అన్నాడు. నూనె ఎక్కడుంది అని. గొంతు పెంచలేదు, అందుకే భయం వేసింది. "నా వీసా మీద, నా గ్యారేజీలో, నాకు తెలియకుండా నూనె వ్యాపారమా? ఎవరు రాశారు ఇది?" ఉర్దూలో అడుగుతున్నాడు. "వీసా ఖలాస్ చేస్తాను. రేపే ఇంటికి పంపిస్తాను."

జగిత్యాల దగ్గర ఆ పల్లెలో ఒక ఇల్లు మొత్తం ఆ వీసా మీదే బతుకుతోందని నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోగా నర్సింలు గారు ముందుకొచ్చారు.

"నేనే చెప్పి రాయించిన సాబ్. ఆ పిలగానిదేం తప్పు లేదు" అన్నారు ఆయనకు వచ్చిన ఉర్దూలో.

ఆ మాటతో నేను దాక్కోవచ్చు. కాని ఎందుకో ఆ మనిషి వెనక దాక్కోవడానికి ఒళ్లు ఒప్పుకోలేదు. "కాదు సాబ్, ఈయనకి ఇంగ్లీషు రాదు. రాసింది నేను. నాకూ రాదని పొద్దున్నే తెలిసింది" అన్నాను.

కఫీల్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత మొదటిసారి గోడల వైపు చూశాడు. నడుచుకుంటూ వెళ్లి ఒక బొమ్మ ముందు ఆగిపోయాడు. గ్యారేజీ వాకిట్లో కుర్చీ, కుర్చీలో కాఫీ కప్పుతో ఒక పెద్దమనిషి, ఆయనకన్నా ముందుకొచ్చిన ఆయన పొట్ట.

"ఏ కౌన్?"

"ఆప్ సాబ్" అన్నారు నర్సింలు గారు.

కఫీల్ ఒక చేత్తో తన పొట్ట తడుముకున్నాడు. "ఇత్నా?" ఇంత ఉందా అని.

"థోడా కమ్ కియా సాబ్."

కొంచెం తగ్గించే వేశాను అని. ముందు ఆ పొట్ట కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత నవ్వు బయటికొచ్చింది. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఆపైన చేసిన పని నేను జన్మలో మరిచిపోను. వెళ్లి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. సీసాలతో వచ్చిన ప్రతివాడికీ, "తేల్ మాఫీ. తస్వీర్ హై. యల్లా, అందర్" అని చెప్పి, నూనె లేదు బొమ్మలున్నాయని తనే లోపలికి తోశాడు. ఆయన మాట కాదని వెనక్కి వెళ్లే ధైర్యం ఎవరికీ లేదు. సింధీ వ్యాపారి కూడా ఖాళీ సీసా చంకలో పెట్టుకుని బొమ్మలన్నీ చూశాడు. బస్సు బొమ్మ తన దుకాణానికి కావాలని అడిగి మరీ తీసుకున్నాడు.

మూర్తిగారు నన్ను పక్కకి పిలిచారు. "ఇప్పుడే పత్రికాఫీసుకి వెళ్లు. రేపటికి సవరణ వేయించు. తేలిక మాటల్లో రాయి. నీకు దణ్ణం పెడతాను, తేలిక మాటల్లో."

వెళ్లాను. రెండు లైన్లకే చోటుందన్నారు. ఈసారి నా పాండిత్యాన్ని బయట చెప్పుల దగ్గరే వదిలి, పిల్లాడికి కూడా అర్థమయ్యేలా రాశాను: 'శ్రీ నర్సింలువి ఆయిల్స్ కావు, పిక్చర్స్. శుక్రవారం రోజంతా, ప్రవేశం ఉచితం.'

శుక్రవారం ఇంకా ఎండ ఎక్కకముందే ముసఫ్ఫా వైపు నుంచి ఒక బస్సు వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తలలకి నూనె రాసుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని, కూలీల క్యాంపులకు క్యాంపులే దిగాయి. ముందు దిగినాయన గుమ్మంలో ఉన్న నర్సింలు గారిని అడిగాడు.

"ఏం పిక్చర్ అన్నా? హీరో ఎవలు?"

మూర్తిగారు కుర్చీలో కూలబడ్డారు. నేను స్తంభం వెనక్కి జరిగాను. నర్సింలు గారు మాత్రం తొణకలేదు.

"హీరోను నేనే. లోపటికి రాండ్రి."

వచ్చారు. కొందరు తెర ఎక్కడ కట్టారా అని వెతికారు. కొందరు కింద చోటు చూసుకుని కూర్చున్నారు కూడా. ఇంతలో బీడీల బొమ్మ దగ్గర ఒకాయన ఆగాడు. "మా అవ్వ గిట్లనే కూసుంటది. గిట్లనే, ఒక కాలు సాపి" అన్నాడు. అతని పక్కన ఇంకొకరు చేరారు. కూర్చున్నవాళ్లు లేచారు. సినిమా ఏదని ఇంక ఎవరూ అడగలేదు. చూసి వెళ్లినవాళ్లు గదుల్లో ఉన్నవాళ్లని తీసుకుని మళ్లీ వచ్చారు. ప్రతి బొమ్మకీ కథ చెప్పి చెప్పి సాయంత్రానికి నర్సింలు గారి గొంతు బొంగురుపోయింది.

హాలు సర్దుతూ ఆయన దగ్గరికి వెళ్లాను. "క్షమించండి. నావల్ల మీ వీసా పోయేది. అసలు నన్నెందుకు వెనకేసుకొచ్చారు?"

"పోలే గద తమ్మీ" అన్నారు. "నువ్వు సక్కగ రాస్తె సదువుకున్నోళ్లు నలుగురు అచ్చి పోయేటోళ్లు. ఇయ్యాల నా మంది మొత్తం అచ్చిండ్రు. ఇన్నేండ్లల్ల ఎవ్వలన్న ఈ పటాలకోసం ఉరికిండ్రా? నువ్వు ఉరికినవ్." అంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. నా బతుకులో నాకు దక్కిన మెప్పులన్నీ ఒక పక్క, రంగు మరకల ఆ చెయ్యి ఒక పక్క. ఆయనకూ, గుమ్మంలో నిలబడ్డ ఆ కఫీల్‌కీ నేను ఇప్పటికీ బాకీయే.

తరవాతి వారం కఫీల్ కబురంపితే ముసఫ్ఫా వెళ్లాను. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాడు. "నువ్వు ఏది రాస్తే దానికి జనం విరగబడి వస్తున్నారు. నా గ్యారేజీ గురించి కూడా ఒక ప్రకటన రాసిపెట్టు" అన్నాడు.

ఏం రాయాలని అడిగాను.

"పెద్దగా ఏం లేదు. మా దగ్గర బాడీలు బాగుచేస్తాం, అంతే."

రేపు ఆ గ్యారేజీ వాకిట్లో ఏ ఆస్పత్రి బండ్లు వచ్చి ఆగుతాయో నా కళ్లకి కట్టింది. కాఫీ కప్పు కింద పెట్టి, లేచి నిలబడి, ఆ గ్రీజు నేలనీ, నడినెత్తిన ఉన్న సూర్యుణ్ణీ, ఎత్తి నిలబెట్టిన ఒక లారీనీ సాక్షిగా పెట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో, ఏ దేశంలోనూ, ఏ భాషలోనూ, దేని గురించీ ఎవరికీ ప్రకటన రాయను.