నెగ్గని మాట

మూడో తరగతి చదివే మా అమ్మాయిని హాస్టల్లో చేర్చే ఫారం కోసం ఫొటో వెతుకుతుంటే, నిన్న నా చిన్ననాటి నోటు పుస్తకం దొరికింది. తెరిస్తే ఎండు నిమ్మకాయల వాసన. గల్ఫ్‌లోని నిజ్వా ఊళ్లో మా వంటగది వాసన అది.

అమ్మ అక్కడ నర్సు. అక్కడ సెలవు శుక్రవారం; ఆ రోజు అమ్మకు డ్యూటీ లేకపోతే మా ఇంట్లోనే ప్రార్థన జరిగేది. బైబిల్ వాక్యం చెప్పేది అమ్మ ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసే అంకుల్. ఓసారి ఆయన యూదుల పెద్దల గురించి చెప్పారు. వాళ్ల తీర్పులన్నీ మిష్నా అనే పుస్తకంలో కూర్చారట. అందులో చేరని మాటలెన్నో తోసెఫ్తా అనే మరో పుస్తకంలో దాచారట.

"వాదనలో నెగ్గనివాడి మాట ఎందుకు రాయాలో కూడా అందులో ఉందమ్మా. ఎప్పుడైనా అవసరపడొచ్చంట," అన్నారు.

ఆ వారమే నన్ను ఏలూరు హాస్టల్లో వెయ్యాలని నాన్న తేల్చేశారు.

"ఎనిమిదేళ్ల పిల్లండీ. ఇంకో రెండేళ్లు నా దగ్గరుంచుకుంటాను," అంది అమ్మ.

"ఇక్కడ చదువు సాగదు. ఇంక ఆ మాటెత్తకు," అన్నారు నాన్న.

అమ్మ మాటను నోటు పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను. రాసిపెడితే జూన్‌లోపు తీర్పు మారిపోతుందనుకున్నాను.

జూన్‌లో హాస్టల్లో చేర్చారు. అంకుల్ మీద కోపం చాన్నాళ్లు పోలేదు. ఆయన 'ఎప్పుడైనా' అన్నారు గానీ, జూన్ అనలేదు.

నిన్న ఆ పేజీ తెరిచి, మా ఆయన నింపుతున్న ఫారం మీద పెట్టాను. ఆయన చదివి, "ఎవరి మాట ఇది?" అన్నారు.

"మా అమ్మది. అప్పుడు నెగ్గలేదు," అన్నాను.