ఆమెన్ మేస్త్రి అడగని మాట

ఆ వీధిలో వడ్రంగి మేస్త్రి ఇల్లెక్కడంటే ఏ మేస్త్రి అని ఎదురడుగుతారు. అదే ఆమెన్ మేస్త్రి అంటే పసిపిల్లలు కూడా వేలు పెట్టి చూపిస్తారు. ఆ పేరు ఊరికే రాలేదు మరి. ఆయన ప్రార్థన మొదలుపెడితే దగ్గేవాడు కూడా దగ్గు ఆపుకునేవాడు. స్తుతితో ఎత్తుకుని, కృతజ్ఞతల మీదుగా నడిపించి, చివరికి చిత్రిక పట్టిన పలకలా నున్నగా తెచ్చి ఆపేవాడు. అప్పుడు మందిరం మొత్తం "ఆమెన్" అంటే పైకప్పు రేకులు అదిరేవి. పాస్టరుగారు నాలుగైదు సంఘాలు చూసుకునే మనిషి, పిలవగానే రాలేడు. అందుకని పెళ్ళికైనా, కొత్త ఇంటికైనా, రోగి మంచం దగ్గరికైనా, ముఖ్యంగా చావుకి, ముందు మేస్త్రికే కబురు వెళ్ళేది.

చావు దగ్గర ఆయనకి రెండు పనులు. పెట్టె చేసేదీ ఆయనే, సమాధి దగ్గర ప్రార్థించేదీ ఆయనే. టేపు పెట్టి కొలవడమంటే ఆయనకు నామోషీ. గుమ్మంలో నిలబడి మంచం మీది మనిషిని తల నుంచి పాదాల దాకా ఒక్క చూపు చూసేవాడు, తిన్నగా కొట్టుకెళ్ళి పలకలు కోసేవాడు. ఆయన చేసిన పెట్టె ఎవరికీ బిగుతు కాలేదు, వదులు కాలేదు. ప్రార్థనకీ అలాంటి కొలతే ఒకటి ఉండేది. "నీ దాసుని నీ సన్నిధికి పిలుచుకున్నావు, నీ చిత్తమే జరిగింది, మిగిలిన కుటుంబాన్ని ఆదరించు" అని సాగేది. ఎవరింటి చావుకైనా ఆ మాటలు అతికినట్టు సరిపోయేవి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆయన అది వేషం కోసం చేసిందీ కాదు, పేరు కోసం చేసిందీ కాదు. నమ్మే చేసేవాడు.

ఇంత పేరున్న మేస్త్రి ప్రార్థనకి ఆమెన్ అనని మనిషి సంఘంలో ఒక్కతే ఉంది. ఆవిడ ఆయన భార్యే. వెనక వరసలో గోడ పక్కన కూర్చునేది. కళ్ళు మూసుకునేది, తల వంచేది, తీరా ఆఖరి మాట దగ్గరకొచ్చేసరికి పెదవి కదిపేది కాదు. సిగ్గరి మనిషిలే అని ఆడవాళ్ళు అనుకునేవారు. నోట్లో ముత్యాలేమైనా ఉన్నాయా రాలిపోవడానికి అని మేస్త్రి ఇంటికొచ్చి దెప్పేవాడు. ఆవిడ విననట్టే కంచాలు సర్దుకునేది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా అని ఆయనకాయనే సర్దిచెప్పుకునేవాడు.

అలాంటిది ఒక పొద్దున్న ఆవిడ బట్టలు ఉతుకుతూ ఉతుకుతూ కడుపు పట్టుకుని అక్కడే ఒరిగిపోయింది. కొన్నాళ్ళుగా నొప్పి ఉందట. అజీర్తిలే అని పంటి బిగువున ఓర్చుకుందట. ఆస్పత్రిలో డాక్టరు ఏదీ దాచలేదు. పేగుకి చిల్లు పడింది, విషం ఒళ్ళంతా పాకుతోంది, ఆపరేషన్ చెయ్యకపోతే బతకదు, చేసినా బతుకుతుందని మాటివ్వలేనన్నాడు. కాసేపట్లో లోపలికి తీసుకెళ్తాం, చూడాల్సినవాళ్ళు చూసుకోండని చెప్పి వెళ్ళిపోయాడు.

మేస్త్రి కాళ్ళీడ్చుకుంటూ వార్డు గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. కిటికీ పక్క మంచం మీద భార్య వెల్లకిలా పడుకుని ఉంది. ఆయన చూపు ఆవిడ తల దగ్గర మొదలై భుజాల మీదుగా పాదాల దాకా వెళ్ళి ఆగింది. ఆగాక గానీ తనేం చేశాడో తెలిసిరాలేదు. కొలత పడిపోయింది. ఛీ, ఏం పాడు కళ్ళివి అనుకుంటూ అరచేతులతో గట్టిగా రుద్దుకున్నాడు. ఎంత రుద్దుకున్నా ఆ కొలత బుర్రలోంచి పోలేదు.

మంచం పక్కన ఆవిడ చెల్లెలు కూర్చుని ఉంది. ఆయన్ని చూడగానే ఏడుపు ఆపుకుంటూ, ప్రార్థన చెయ్యి బావా, నువ్వు చేస్తే దేవుడు వింటాడు అని బతిమాలింది. మేస్త్రి భార్య చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. బుర్ర మొద్దుబారిపోయి ఉంది. కానీ నోటికి అలవాటైన దారి, తోలేవాడు నిద్రపోయినా ఇల్లు చేరే ఎద్దులా దాని పాటికది నడిచింది.

"ప్రేమగల తండ్రీ, జీవమూ మరణమూ నీ చేతిలోనే ఉన్నాయి. నీ దాసురాలిని నీ సన్నిధికి పిలుచుకున్నావు. నీ చిత్తమే జరిగింది. మిగిలిన కుటుంబాన్ని..."

"బావా," అంది మరదలు.

తన నోట ఏమొచ్చిందో అప్పుడు విన్నాడు మేస్త్రి. కళ్ళు తెరిచేసరికి భార్య ఆయన్నే చూస్తోంది. స్పృహలోనే ఉంది, అంతా వింది. ఆ నేల రెండుగా చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది ఆయనకి.

"అప్పుడే పాతేశావా?" అంది ఆవిడ. గొంతు పీలగా ఉంది గానీ అందులో నవ్వూ ఉంది, కోపమూ ఉంది.

"నోరు జారిందే."

"జారలేదు. నీకు వచ్చిందే అది. పాపకీ అదే చదివావు."

ఆ ఇంట్లో పాప మాటెత్తి ఎన్నేళ్ళయిందో. పెళ్ళయిన కొత్తలో పుట్టిన పిల్ల, పళ్ళయినా రాకముందే జ్వరంతో పోయింది. ఆ తర్వాత వాళ్ళకి మరి పిల్లలు కలగలేదు. ఆ చిన్న పెట్టె మేస్త్రే చేశాడు. సమాధి దగ్గర కన్నీటి చుక్క రానివ్వకుండా తనే ప్రార్థించాడు. విశ్వాసమంటే ఇదీ అని జనం మెచ్చుకున్నారు, ఆమెన్ మేస్త్రి అన్న పేరు ఆ రోజే మొదలైంది. భార్య ఆమెన్ అనడం మానేసింది కూడా ఆ రోజే. ఇన్నేళ్ళు పక్కన బతికి ఆ సంగతి ఆయనకి ఇప్పుడు తట్టింది.

పిల్ల ఒళ్ళు కాలిపోతుంటే దేవుణ్ణి ఎలా అడిగావో గుర్తుందా అని ఆవిడ ఆయాసపడుతూ అడిగింది.

"నీకు అనుకూలమైతే అన్నావు. పక్కింటివాళ్ళని నిచ్చెన అడిగినట్టు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదయ్యా. అడిగాక ఆయన ఇవ్వకపోతే అది వేరే సంగతి. నువ్వు అడగనే లేదు."

అడగలేదన్నది నిజం. నోరారా అడిగాక ఇవ్వకపోతే ఏం చెయ్యాలి, అప్పుడు దేవుడి మీద కోపమొస్తే ఆ కోపాన్ని ఎక్కడ దాచుకోవాలి? ఆ భయంతోనే మేస్త్రి ప్రతిసారీ ముందుగానే "నీ చిత్తం" అనేసి చేతులు దులుపుకున్నాడు. అది లోబడటం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది ఉత్త పిరికితనం.

ఇంతలో ఇద్దరు ఆస్పత్రివాళ్ళు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చారు. ఆవిడని ఎత్తి దాని మీదకి మార్చారు. ఆ కుదుపుకి ఆవిడ ముఖం పాలిపోయింది. అయినా మొగుడి చెయ్యి వదల్లేదు.

"ఈసారైనా అడుగు," అంది. "నేను కావాలా, వద్దా నీకు?"

మేస్త్రి ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తండ్రీ" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు. స్తుతి రాలేదు, కృతజ్ఞత రాలేదు. జీవితమంతా పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ ఆయన్ని ఆదుకోవడానికి రాలేదు. తోసేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇది నాకు కావాలి," అన్నాడు చివరికి. అది ఆయన గొంతులా లేదు. "దీన్ని తీసుకుపోవద్దు. నీ చిత్తం అనలేను, నాకు నోరు రావట్లేదు. పాపనీ ఇలాగే అడగాల్సింది, భయపడ్డాను. నీకు కోపమొచ్చినా సరే, నాకిది కావాలి. ఇది లేకపోతే నేను..."

అక్కడ ఏడుపు తన్నుకొచ్చింది. వార్డులో అందరూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చాడు. ప్రార్థన సగంలోనే ఆగిపోయింది.

ఆవిడ పొడారిపోయిన పెదవులు నాలుకతో తడుపుకుంది.

"ఆమెన్," అంది.

చక్రాల మంచం కదిలింది. మేస్త్రి లేచి ఆపరేషన్ థియేటరు దాకా పక్కనే నడిచాడు. అక్కడ చేతిలోంచి చెయ్యి జారిపోయింది, తలుపు మూసుకుంది. మేస్త్రి ఆ తలుపు ముందే, గోడకి చేరబడి నేల మీద కూర్చున్నాడు.

కబురు తెలిసి సంఘ పెద్ద మరి కొందరిని వెంటబెట్టుకుని వచ్చాడు. డాక్టరు ఇంకా ఏమీ చెప్పలేదని తెలుసుకుని, అందరూ మేస్త్రి చుట్టూ నిలబడ్డారు. పెద్ద వంగి, మీరే ఒక మాట ప్రార్థించండి మేస్త్రిగారూ, మాకందరికీ ధైర్యంగా ఉంటుంది అన్నాడు.

మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

"మీరు చెయ్యండి పెద్దాయనా. నాది ఇంకా అవ్వలేదు."

పెద్ద తనకొచ్చిన మాటలతో ప్రార్థించాడు. అయ్యాక అందరూ ఆమెన్ అన్నారు. మేస్త్రి మాత్రం అనలేదు. ఆ తలుపు వైపే చూస్తూ, అదే మాట మళ్ళీ మళ్ళీ అడుగుతున్నాడు.