అమ్మ వదిలిన అంగుళం

మా అమ్మ టైలరు. అమ్మ చేతిలో కత్తెర ఉన్నప్పుడు సలహా ఇచ్చినవాళ్లకు మూడినట్టే. ఆ సంగతి తెలిసీ నోరు జారేది మా నాన్న ఒక్కరే.

కుట్టుమిషను పక్క కిటికీలోంచి మధ్యాహ్నం ఎండ మొహం మీద కొడుతోందని, అమ్మ అద్దాలకు అంటించే నల్ల ఫిల్ము తెచ్చింది. ఉన్నవి రెండు అద్దాలు. చెరొకటి అనుకున్నారు. నాన్న తన అద్దం పై అంచును టేపుతో కొలిచి, సరిగ్గా అంతే కత్తిరించారు. అమ్మ అలవాటు కొద్దీ చుట్టూ అంగుళం ఎక్కువ వదిలింది.

"గాజుకి కూడా కుట్టు వేస్తావా ఏంటి?" అని నాన్న పడీ పడీ నవ్వారు.

"మీ పని మీరు చూసుకోండి" అంది అమ్మ.

సబ్బునీళ్లు చల్లి ఇద్దరూ అంటించారు. ఏ వడ్రంగి చేశాడో గానీ, ఆ పాత కిటికీ పైన ఇరుకు, కింద వెడల్పు. నాన్న ముక్క కింది వెడల్పుకు వేలి మందాన చాలక, పక్కన సందు మిగిలింది. అమ్మ మాత్రం నీళ్లన్నీ నడిమి నుంచి అంచులకు తోసేసి, ఎక్కువైన ఫిల్మును చట్రం వెంట బ్లేడుతో కోసేసింది. ఒక్క బుడగ లేదు. ఆ అద్దం పుట్టుకతోనే నల్లగా ఉందేమో అనిపించింది.

మర్నాడు నాన్న కుర్చీలో కూర్చుంటే, ఆయన వదిలిన సందులోంచి ఎండ సూటిగా ఆయన ముక్కు మీదే పడింది. అమ్మకు జాలేసింది.

"అది పీకేసి కొత్తది వేస్తాను, లేవండి."

నాన్న ససేమిరా అన్నారు. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ కిటికీ దగ్గరికే తీసుకెళ్తారు.

"ఇది నాది, అది మా ఆవిడది. పక్కన నాది ఉంటేనే కదండీ, ఆవిడ పనితనం ఏంటో తెలిసేది!"