పన్నెండో పెట్టె

ఫలక్‌నుమా అవతల నాకు పదెకరాల ద్రాక్షతోట ఉండేదని మా గల్లీలో అందరికీ తెలుసు. చెప్పింది నేనే కాబట్టి తెలుసు. అసలు సంగతేందంటే, ఉన్నది ముప్పై గుంటలు. అందులో బావి, రాళ్లగుట్ట పోగా పందిరి ఎక్కింది ఇరవై గుంటలు ఉంటే ఎక్కువ. తేనెపెట్టెలు యాభై అని కూడా చెప్పేవాణ్ణి. పదకొండు. అవి కూడా నావి కావు, మా ఇంటామెవి.

తొంభైల మొదటి సంవత్సరాల మాట ఇది. ఇల్లు యాకుత్‌పురాలో. పొద్దున్నే బర్రెల పాలు పిండి, ఇండ్లకు పోసి, ఖాళీ క్యాన్లు కడిగి బోర్లించి, లూనా బండి మీద ఇద్దరం తోటకు పోయేవాళ్లం. దసరా ఎల్లినంక కత్తిరింపు. గుండు చేయించినట్టు తీగలన్నీ బోడిగా చేసి వదిలితే, పదిహేను దినాల్లో కణుపు కణుపుకూ చిగురు. కార్తీకంలో పూత. ద్రాక్షపూత అంటే ఏదో అనుకునేరు, ఆవగింజలంత ఉంటది, దగ్గరికి పోతే తప్ప కనబడదు. శివరాత్రి నాటికి గుత్తుల్లో తీపి దిగేది. ఎండలు ముదిరేలోపు కోత, ఉగాది దాటినంక ఇంకో కత్తిరింపు. అది కాయ కోసం కాదు, వచ్చే ఏటి కొమ్మ కోసం. మధ్యలో బూజు తెగులు రాకుండ మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టుడు. కొట్టే ముందురోజు ఆమెకు చెప్పాలె. ఆమె తడి గోనెసంచులు తెచ్చి పెట్టెల మూతులు మూసేది. చెప్పకుండ కొడితే ఆ రోజు నాకు బువ్వ లేదు.

తేనెటీగల పని ఆమె ఆరు దినాల సర్కారు శిక్షణలో నేర్చుకున్నది. నేర్పింది ఒక పెద్దసారు, అప్పుడప్పుడు వచ్చి చూసిపోయేవాడు. పందిరి నీడలో వరుసగా పెట్టెలు, చీమలు ఎక్కకుండ కాళ్ల కింద నీళ్ల చిప్పలు. కానుగ, వేప పూసే రోజుల్లో తేనె తీసేది. తీసినంక మిగిలిన మైనం కరిగించి, గుడ్డలో వడబోసి కొంత ముద్దలు చేసేది. మా మొహల్లాలో జర్దోజీ జరీ కుట్టుపని చేసేవాళ్లు దారానికి పట్టించుకునేందుకు ఆ ముద్దలు కొనేటోళ్లు. మిగిలినదాన్ని పొడుగు డబ్బాలో కరిగించి, నూలు ముంచి, ఆరబెట్టి, మళ్లా ముంచి, ముప్పైసార్లు ముంచితే ఒక మైనపువత్తి. షబ్-ఎ-బరాత్‌కు గోరీల దగ్గర పెట్టడానికి నెల ముందు నుంచే అడిగేవాళ్లు. మా మైనపువత్తి పొగ రాదు, తేనె వాసన వస్తది.

మరి నేనేం చేసేవాణ్ణి? ఇరానీ హోటల్లో కూచొని, నా ఒంటి వాసనకే తేనెటీగలు గులాములైతయని చెప్పేవాణ్ణి. నిజానికి ఆమె పెట్టె తెరిస్తే నేను ఇరవై అడుగుల దూరంలో, బావి గోడ చాటున ఉండేవాణ్ణి. ఇంటికి వచ్చినవాళ్లు నన్ను చూసి కూడా, "అమ్మ ఉన్నదా?" అని అడిగేటోళ్లు. ఉన్నదని పక్కకు జరిగేవాణ్ణి. ఇది మనసులో ఒక ముల్లయింది. ఇంత పెద్ద వయసులో చెప్పుకోవడానికి సిగ్గేమున్నది.

ఆ ఏడు ఎండాకాలంలో పెద్దసారు వచ్చి ఒక మాట చెప్పిండు. దక్షిణం దిక్కు నుంచి తేనెటీగలకు ఒక రోగం వస్తున్నదంట. పిల్లపురుగులు గూట్లోనే చచ్చిపోతయంట. మందు లేదు. "తుట్టె లేకుండ గుంపు దానంతటది వస్తే పెద్ద భయం లేదమ్మా. బయటి తుట్టె మాత్రం ఎన్నడూ తేవద్దు. అందులోని పిల్లతోని రోగం వస్తది" అన్నడు.

ఆమె నా దిక్కు తిరిగింది. "ఏమయ్యా, ఇనబడ్డదా?"

"నేనేమన్నా చిన్నపిల్లగాణ్ణా?"

"చిన్నపిల్లగాడైతే ఒక్కసారి చెప్తే సాలు."

దసరా కత్తిరింపు అయినంక ఆమె అక్క ఊరికి పెండ్లికని పది దినాలు పోయింది. పోయిన మూడోనాడు, నేను పాలు పోసే ఒక పెద్దమనిషి వాకిట్లోనే ఆపిండు. రెండు గల్లీల అవతల పాత ఇల్లు, మందపు గోడలు. ఆ గోడ గూట్లో తేనెటీగలు పట్టు పెట్టినయ్. "భాయ్, బచ్చోంకు కాట్‌రై, పిల్లలను కుడుతున్నయ్. నువ్వు తేనెటీగల బాద్‌షావు గద, తీస్కపో" అన్నడు. బాద్‌షా అని ఆయనకు చెప్పింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ మాట నాదే, ఇప్పుడు నా మెడకు చుట్టుకున్నది.

వెనక్కి పోవచ్చు. పోలేదు. తలకు గోనెసంచి కప్పుకొని, పొగ పెట్టి, నాలుగు పలకల తుట్టెను కత్తితో కోసి, ఆమె చేస్తుండగా చూసినట్టే పెట్టెలో పెట్టే చెక్క చట్రాలకు అరటినారతో కట్టి, ఖాళీ పెట్టెలో పెట్టిన. పొద్దు వాలేసరికి ఈగలన్నీ లోపలికి చేరినయ్. మూతికి గుడ్డ కట్టి, లూనా మీద తోటకు తెచ్చి వరుసలో చివర పెట్టిన. అరవై చోట్ల కుట్టినయని తర్వాత చెప్పుకున్న. ఆరు చోట్ల. కాని ఒకటి కంటి మీద.

ఆమె వచ్చే పొద్దున ఆ అరటినార తెంపి కంచెలో పారేసిన. అప్పటికే ఈగలు తుట్టెను చట్రానికి అతికించుకున్నయ్.

ఆమె వచ్చి పెట్టెలు లెక్కబెట్టి ఆగింది. "ఇదేంది?"

"నువ్వు పోయిన మూడోనాడు గుంపు వచ్చి పందిరికి వేలాడింది. మూలకున్న పాత తుట్టెల చట్రాలు వేసి ఎక్కించిన."

వాచిన నా కన్ను చూసింది. "నువ్వా?"

పెండ్లయి ఇరవై ఏండ్లు. నన్ను ఆమె అట్ల చూసింది అదే మొదటిసారి. ఇంకేం చెప్తరు నిజం? ఆమె పసుపు కుంకుమ తెచ్చి పెట్టెకు పెట్టింది. "దానంతటది వచ్చిందంటే మంచిదే. సారు కూడా భయం లేదన్నడు గద" అని తనకు తానే చెప్పుకున్నది. నేను తల ఊపిన. ఆ వారం అంతా ఎవరొచ్చినా, "మా ఆయన ఎక్కించిండు" అని ఆ పెట్టె చూపించింది. జర్దోజీ పనివాళ్లకు చూపించింది, కూరగాయల బండామెకు కూడా చెప్పింది. చెప్పినకొద్దీ ఆ అబద్ధం గట్టిపడ్డది, నేను చెప్పకున్నా అదే నడిచింది.

నెల కాకముందే ఒక పొద్దున తొమ్మిదో పెట్టె మూతి దగ్గర ఆమె గొంతుక్కూర్చున్నది. చచ్చిన పిల్లపురుగులు బయట పడి ఉన్నయ్. పుల్లతో ఒకటి లేపింది. చిన్న నీళ్ల సంచిలాగ వేలాడింది. పది, పదకొండు, పన్నెండు తెరిచి చూసింది. అన్నిట్ల అదే.

పెద్దసారు వచ్చిండు. చూసి టోపీ తీసిండు. "బయటి నుంచి తుట్టె ఏమన్నా తెచ్చిన్రా?"

"లేదు సార్. ఒక గుంపు దానంతటది వచ్చింది, మా ఆయన ఎక్కించిండు."

సారు నా దిక్కు చూసిండు. నేను కత్తిరింపు కత్తెర పదును వేలితో చూస్తున్నట్టు చేసిన.

అప్పుడు ఆమె మెల్లగ అన్నది. "సార్, అక్క ఊర్ల కొట్టంల తేనెపట్టు ఉండె. నేను కూడా చెయ్యి వేసి కోసిన. అదే చీర, అదే చేతులతోని వచ్చి పెట్టెలు తెరిసిన."

"అట్లయి ఉండొచ్చమ్మా" అన్నడు సారు. పాపం ఆయన తప్పేం లేదు. చెప్పింది విని అన్నడు.

ఆ గడియలో నేను నోరు తెరిస్తే అయిపోయేది. కత్తెర చూస్తనే ఉన్న.

ఉపాయం ఒక్కటే ఉన్నదన్నడు సారు. రాణి ఈగను చిన్న తీగ పంజరంలో పెట్టాలె. మూడు వారాలు గుడ్లు పెట్టకుండ చేస్తే, లోపల పిల్ల లేకపోతే, రోగానికి తిండి ఉండదు. ఆమె పన్నెండు పంజరాలు పెట్టింది. మూడు వారాలు చక్కెర పానకం పోసినం. పానకం మోసింది నేనే, ఇందులో గొప్ప లేదు, నిజమే. కొన్ని పెట్టెల ఈగలు ఒకనాడు లేచి ఎటో పోయినయ్. కొన్ని అక్కడ్నే తగ్గుకుంట తగ్గుకుంట గుప్పెడు మిగిలినయ్. ఆమె పొద్దున పెట్టెకు చెవి ఆనించి వినేది. నేను దూరం నుంచి ఆమె మొహం చూసేవాణ్ణి. రొద లేక వెంటనే చెవి తీసిందంటే ఇంకొకటి పోయిందన్నట్టు.

అన్నిటికన్న ఘోరం ద్రాక్ష. మా ద్రాక్ష తీపికి కారణం తేనెటీగలే అని నేను ఊరంతా చెప్పిన. ద్రాక్షపూతకు వాటితో పనే లేదు, గాలి చాలు. ఆ ఏడు ఎన్నడూ లేనంత కాపు. కింద ఒక్కొక్క పెట్టె చల్లబడుతుంటే, పైన గుత్తులు అద్దాల లెక్క మెరుస్తున్నయ్. కొనేటోళ్లు వచ్చి, "అన్నా, ఈసారి మస్తున్నది" అనేటోళ్లు. అవునంటుంటి.

మాఘంలో ఆఖరి పెట్టె పోయింది. రోగం తగిలిన తుట్టెలు ఉంచొద్దని సారు అన్నడని, ఆమె వాటిని కోసి, పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి కరిగిస్తున్నది. మధ్యాహ్నం. వంటిల్లంతా తేనె వాసన. మైనం పైకి తేలుతుంటే ఆమె కర్రతో తిప్పుతూ, "నా చెయ్యి మంచిది కాదు. చేతులు కడుక్కోకపోతిని" అన్నది. ఆ మాట అంతకుముందు నూరుసార్లు అన్నది. ఆ రోజు తట్టుకోలేకపోయిన.

"నీ చెయ్యి కాదే. నేను తెచ్చిన. ఆ గుంపు దానంతటది రాలేదు. రెండు గల్లీల అవతల గోడలకెళ్లి తుట్టెతో సహా కోసుకొచ్చిన."

ఆమె తిప్పుడు ఆపలేదు. తర్వాత నవ్వింది. నెలల తర్వాత నవ్వు. "అన్నిట్ల నువ్వే ఉండాల్నా? ఆఖరికి రోగం కూడా నువ్వే తెచ్చినవా?"

"ఒట్టు."

"పదెకరాలు కూడా ఒట్టే గద."

"నిజం చెప్తున్న. నీ మీద ఒట్టు."

"నన్ను ఓదారుస్తున్నవు. తెలుసు లే. నువ్వు ఇరవై అడుగుల దూరం నుంచి చూసేటోనివి, గోడల తుట్టె కోస్తవా? పందిరికి వేలాడితే ఎట్లనో ఎక్కించినవ్, అదే ఎక్కువ."

ఏం చెయ్యాలె? సాక్షిని చూపిద్దామని, పొయ్యి ఆర్పించి, ఆమెను వెంటబెట్టుకొని ఆ పాత ఇంటికి పోయిన. గోడ గూడు సిమెంటుతో మూసి, పైన సున్నం కొట్టి ఉన్నది. పెద్దమనిషి కుర్చీలో కూచున్నడు. మా ఇద్దరి మొహాలు చూసిండు. ఆమె కండ్లు ఎర్రగ ఉన్నయ్, నేను చెమటలు కక్కుతున్న. ఇంట్ల లొల్లి ఏదో అయి పంచాయితీకి వచ్చినం అనుకున్నడు.

"భాయ్‌సాబ్, ఈమెకు చెప్పండి. మీ గోడల తేనెపట్టు నేను కోసుకపోలేదా?"

ఆయన నన్ను చూసిండు, ఆమెను చూసిండు. "మక్ఖియా? యహా? కభీ నై" అన్నడు. మళ్లా ఆమెకు తెలుగులో చెప్పిండు. "లేదమ్మా. మా ఇంట్ల ఎన్నడూ లేవు. ఈయన మంచోడు, పాలల్ల నీళ్లు కూడా తక్కువ కలుపుతడు."

ఆమె చూడకుండ నాకు కన్ను కొట్టిండు. నన్ను కాపాడిన అనుకున్నడు.

వాపసు వచ్చేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకున్నది, నడిబజార్ల. "నా కోసం ఇంత దూరం పోయి అబద్ధమాడతవని అనుకోలే" అన్నది.

ఆ మైనంతో వత్తులు చేసింది. ఆ ఏటి షబ్-ఎ-బరాత్‌కు అన్నీ అమ్ముడుపోయినయ్. తర్వాత మళ్లా చెయ్యలేదు. కత్తిరింపులు, కోతలు కొన్నేండ్లు సాగినయ్. రెండువేల సంవత్సరం దాటినంక బావి ఎండింది, బోరు వేసినా దుమ్మే వచ్చింది. తీగలు కొట్టేసినం. పందిరి మోసిన రాతి కడీలు మాత్రం నిలబడి ఉన్నయ్.

ఆ రోజుల్లోనే పెద్దసారు రిటైరయ్యే ముందు ఒకసారి యాకుత్‌పురా ఇంటికి వచ్చిండు. జీపులో రెండు పెట్టెలు. రోగం తట్టుకొని బతికిన జాతి అంట. డాబా మీద పెట్టుకోవచ్చు, చుట్టుపక్కల వేపచెట్లు చాలు అన్నడు. "మీ అంత శ్రద్ధగా చూసినవాళ్లు నాకు తక్కువమ్మా."

"వద్దు సార్" అన్నది. "నా చేతుల మీద పన్నెండు పోయినయ్."

నేను లేచి నిలబడ్డ. "సార్, ఆమె చేతుల మీద కాదు. తుట్టె బయటి నుంచి తెచ్చింది నేను. ఆనాడు మీరు అడిగినప్పుడు చెప్పలే."

సారు నన్ను చూసి నవ్విండు. ఆయనకూ నా యాభై పెట్టెల సంగతి తెలుసు, పదెకరాల సంగతి తెలుసు. నా భుజం తట్టి, "ఇన్నేండ్లయినా భార్య మీద మాట పడనియ్యవు. అదృష్టవంతురాలమ్మా నువ్వు" అన్నడు.

"అవును సార్" అన్నది ఆమె, చాయ్ పెట్టడానికి లోపలికి పోతూ.

ఆమె తెచ్చిన చాయ్ తాగినంక పెట్టెలు మళ్లా జీపు ఎక్కించాలె. డ్రైవర్ ఒక్కడే ఉన్నడని నేను ఒక దిక్కు పట్టిన. ఈసారి గోనెసంచి లేదు, పొగ లేదు, దగ్గర్నే పట్టిన. చెక్కలోంచి రొద నా అరచేతులకు తగులుతున్నది. లోపల నుంచి ఆమె కప్పులు కడుగుతున్న చప్పుడు వస్తున్నది, ఉన్నవి నాలుగు కప్పులే అయినా చానసేపు వచ్చింది.