పాత వ్యాక్స్ తీసే మందు

నరసరావుపేటలో మాచర్ల బస్సు ఎక్కి కూర్చున్నాక, పక్క సీట్లో ఉన్న పెద్దావిడ సంచిలోంచి ఒక సీసా తీసి నా చేతికిచ్చింది.

"దీని మీద ఏం రాశారో సూడు బాబూ. కారు మీద పాత వ్యాక్స్ పోవటానికేనా?"

చదివాను. పాత వ్యాక్స్ పొరలు తీసే మందే. ముందు ఒక మూల రుద్ది, రంగు పోవడం లేదని చూసుకోమని కూడా రాసి ఉంది.

"కారు అమ్ముతున్నారా అమ్మా?"

"అమ్మటానికి కాదయ్యా. మా ఆయన డ్రైవరు. ఇప్పుడు మతిమరుపు జబ్బు. పొద్దున్నే లేచి కారుకి వ్యాక్స్ రుద్దుతాడు. పొర మీద పొర పడి కారంతా మసకేసింది. ఎంత రుద్దినా మెరుపు రావట్లేదని ఏడుస్తా కూసుంటన్నాడు."

"మీరు తీసేస్తే ఆయన మళ్ళీ రుద్దుతారు కదా?"

"రుద్దాలనే తీస్తన్నా. మధ్యాహ్నం ఆయన నిద్రపోయేటప్పుడు తుడిచేస్తా. తెల్లారి రుద్దితే చానా బాగా మెరుస్తది."

నాకు అయోమయంగా అనిపించింది. భర్త పూసింది భార్య చాటుగా తుడిచేస్తోంది, అదీ ఆయన కోసమే. ఆమె నా ముఖంలోకి చూసింది.

"ఏంది బాబూ, మోసం అంటావా?"

సీసా మూత బిగించి ఆమె చేతికిచ్చాను.

గురజాలలో దిగబోతూ ఆమె నవ్వింది.

"మెరిసిన రోజు నన్ను పిలిచి చూపిస్తాడు బాబూ. 'ఎవరమ్మా నువ్వు, ఇటొచ్చి సూడు' అంటాడు."

అది సంతోషంగా చెప్పిందో, బాధగా చెప్పిందో నాకు ఇప్పటికీ తెలియదు.