కడుపు లేని వల

మొగులయ్య పటాన్‌చెరులో కాలనీ పార్కుకు కావలివాడిగా చేరేనాటికి వల పట్టక మూడేళ్లు. వాళ్ల ఊరి చెరువులో చేపలు చచ్చి తెల్లగా తేలిన ఏడాది వలలు అటకెక్కాయి.

పార్కులో రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ. వెనక వాలీబాల్ కోర్టు. పొద్దుటి షిఫ్టు దిగిన కార్మికులు నాలుగింటికి వచ్చి ఆడేవారు. 1991 వానాకాలంలో నెట్టు చినిగింది. కోర్టులో గడ్డి మొలిచింది.

పంచాయతీ మెంబరు సంగయ్య చూసి వెళ్లబోయాడు.

"ఎవ్వలు ఆడుతలేరు. ఈడ సైకిల్ స్టాండు వేపిస్త."

"నెట్టు లేక ఆడుతలేరు సంగన్నా."

"ఆదివారం దాకా సూస్త. ఇగ గంతే."

మొగులయ్య అటక మీంచి వల అల్లే చెక్క సూది దించాడు. ఆటగాళ్లకు పెద్ద, ఫ్యాక్టరీ ఫిట్టరు తాజ్ మొహమ్మద్ నైలాన్ దారం తెచ్చిచ్చాడు. మొగులయ్య నాలుగు రోజులు గేటు పక్కన కూర్చుని నెట్టు అల్లాడు. వేళ్లు ఏదీ మరిచిపోలేదు.

శనివారం కట్టారు. తాజ్ బంతిని బలంగా కొట్టాడు. బంతి వలకు తగిలింది. జారింది. కింద సంచిలా వేలాడే చోట నిలిచిపోయింది.

"కాకా, బొచ్చె చేప పడ్డది!" అన్నాడు తాజ్.

"జల్దీ తియ్యిరి, ఆగమ్మ చిన్నమ్మతోని పులుసు పెట్టిద్దాం," అన్నాడు ఇంకో ఆటగాడు లింగం, మొగులయ్య భార్య వంటను తలుచుకుని.

మొగులయ్య నవ్వలేదు. తాడు కంటే వల పొడుగుండాలి. అప్పుడే వలకు కడుపొస్తుంది, కడుపుంటేనే చేప నిలుస్తుంది. తండ్రి నేర్పిందది. చేతులు అదే చేశాయి.

"ఇప్పి మల్ల కడుత," అన్నాడు.

"రేపే ఆదివారం గదా కాకా," అన్నాడు తాజ్.

"ఆట నాలుగింటికి గదా. పొద్దుగాల వచ్చి జెర కొస పట్టుకో."

మర్నాడు అంచు తాడు విప్పాడు. ఎక్కువైన వలకళ్లు కోసేయాలి. కత్తి చేతిలో కాసేపు ఆగింది. వల కడుపు తీసేయడం ఆయన ఎన్నడూ చేయని పని. తాజ్ కొస లాగి పట్టుకున్నాడు. మొగులయ్య కోశాడు. మధ్యాహ్నానికి వల బిగిసింది.

నాలుగింటికి సంగయ్య వచ్చాడు. తాజ్ కొట్టిన బంతి వలకు తగిలి వెనక్కి ఎగిరింది. లింగం కింద పడబోతూ అందుకున్నాడు. చుట్టూ కేకలు. సంగయ్య మూడు ఆటలూ నిలబడే చూశాడు.

వెళ్తూ కోర్టు గీత మీద నిలిపిన సైకిళ్లను చూశాడు.

"ఎవలియి ఇవి? ఆడేకాడ అడ్డం పెడుతరా? గేటు బయట పెట్టుండ్రి."

మొగులయ్య చెక్క సూదిని అంగీ జేబులో పెట్టుకుని, సైకిళ్లు ఒక్కొక్కటే బయటికి నడిపించాడు.